రాహువుకు ఇకామా ఉందా?

ఆ రోజుల్లో ఈ ప్రపంచంలో నాకు తెలియని సంగతి ఒక్కటే ఉండేది. నాకు తెలియనివి కూడా కొన్ని ఉంటాయన్నదే ఆ సంగతి. ఇరవై నాలుగేళ్ల వయసు. డిగ్రీ చదివిన మూడేళ్లలో తరగతి గదిలో కంటే చర్చావేదికల మీదే ఎక్కువ కాలం గడిపాను. నిప్పుల మీద నడిచి చూపించాను. గాల్లోంచి విబూది తీసి చూపించాను. దయ్యాలున్నాయన్న శ్మశానంలో రాత్రంతా పడుకుని చూపించాను (దోమలు తప్ప ఎవరూ పలకరించలేదు). ఉద్యోగం మాత్రం ఎక్కణ్ణుంచీ తీసి చూపించలేకపోయాను. అందుచేత మూఢనమ్మకాల మీద నా యుద్ధాన్ని అర్ధాంతరంగా ఆపి, సౌదీలో బురైదా ఊరి చివర ఒక మెయింటెనెన్స్ కంపెనీ స్టోరులో గుమాస్తాగా తేలాను. యుద్ధం ఆపానన్నది మా నాన్న అనుకున్న మాట. నేను రణరంగం మార్చానంతే.

మా క్యాంపులో కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్లే ఎక్కువ. ఎవరు ఏ మాటన్నా "రుజువేది?" అని అడగడం నా అలవాటు. పప్పులో ఉప్పు తక్కువైందన్నా అడిగేవాణ్ణి. దాంతో నెల తిరక్కుండానే నా పేరు పోయి "రుజువు సారు" మిగిలింది. నేను దాన్ని బిరుదనుకున్నాను. స్టోరు పని వల్ల అరబ్బీ ముక్కలు కూడా నాలుగు పట్టుబడ్డాయి. వాటిలో నాకు బాగా పనికొచ్చిన ముక్క "ఐన్". ఒకసారి మా స్టోరుకు కొత్త నీళ్ల పంపు వచ్చింది. దాన్ని చూడటానికి వచ్చిన మా సౌదీ సూపర్‌వైజరు చుట్టాల్లో ఒకాయన, ఆహా ఎంత బాగుందో అన్నాడు. మర్నాడు పంపు కాలిపోయింది. సూపర్‌వైజరు కంటి కింద వేలు పెట్టి చూపించి, తల పంకించి, "ఐన్" అన్నాడు. అంటే దిష్టి తగిలిందని. నేను వైరింగు విప్పి, కాలిన తీగ చేత్తో పట్టుకుని, "మాఫీ ఐన్, హాదా వైరు!" అని అరగంట వాదించాను. దిష్టి లేదు, తప్పంతా తీగదే అని నా భావం. ఆయన నవ్వి గావా తాగించి పంపాడు. వాదనలో గెలిచినవాణ్ణి కాఫీతో సాగనంపడం ఆ దేశపు మర్యాద కాబోలని నేను సంతోషించాను.

మా గదిలో పై మంచం నాది, కింది మంచం పెద్దన్నది. పెద్దన్న ప్లంబరు. ఇరవై రెండేళ్లుగా ఆ ఎడారి కింద పైపులు వేస్తూనే ఉన్నాడు. ఆ ఏడు ఆయనకు ఖురూజ్ వచ్చింది, అంటే ఇక తిరిగి రాని చివరి ప్రయాణానికి అనుమతి. కాగితం మీద గడువు ఒక శుక్రవారంతో ముగుస్తుంది. ఆ సాయంత్రం అయిదింటికి కంపెనీ కారు క్యాంపు నుంచి బయల్దేరి ఆయన్ని రియాద్ విమానం ఎక్కించాలి. ఆ రోజు దాటితే ఖురూజ్ చెల్లదు, కాగితాలన్నీ మళ్లీ మొదటికొస్తాయి. అవి మళ్లీ ఎన్ని వారాలకు కదులుతాయో సౌదీలో ఎవరూ చెప్పలేరు. అవతల పెద్దన్న ఇంకా చూడని మూడేళ్ల మనవరాలుంది. రోజూ ఫోన్లో "తాతా, ఎప్పుడొస్తవ్?" అని అడుగుతుంది. ఒకనాడు పెట్టె సర్దుకుంటూ పెద్దన్న ఉన్నట్టుండి కూలబడ్డాడు.

"తమ్మీ, పోరి రేపు నన్ను అడుగుతది. తాతా, అరబ్బు దేశంల ఏం చూసినవ్ అని. ఏం చెప్పాలె? ముప్పావంగుళం పైపు చూసిన బిడ్డా, అంగుళన్నర ఎల్బో చూసిన బిడ్డా అని చెప్పాల్నా?"

నాలోని ప్రజాసేవకుడు మేల్కొన్నాడు. గురువారం మధ్యాహ్నం బయల్దేరి, శుక్రవారం మూడింటికల్లా తిరిగొచ్చేలా ఒక యాత్ర వేస్తానన్నాను. చుట్టుపక్కల పల్లెల్లో వందల ఏళ్లనాటి మట్టి ఊళ్లు, బురుజులు, పాత బజార్లు ఉన్నాయని విన్నాను. ఇరవై రెండేళ్ల చాకిరీకి గౌరవంగా కంపెనీ ఒక పాత వ్యాను ఇచ్చింది. డ్రైవరు కడప మామ. (ఆయన పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. కడప నుంచి వచ్చాడు, అందరికీ మామ.) నేను స్టోరులో సరుకు జారీ చేసే ఫారం మీద ప్రణాళిక రాశాను. "సరుకు పేరు" గడిలో మట్టి బురుజు, "సంఖ్య" గడిలో ఒకటి, "జారీ చేసిన సమయం" గడిలో శుక్రవారం పన్నెండు గంటల పది నిమిషాలు. ఇలా రెండు రోజుల జీవితం పద్దెనిమిది గడుల్లో ఇమిడింది. కింద సంతకం కూడా పెట్టాను. కడప మామ ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఏందబ్బయా, దీంట్లో జుమ్మా నమాజు యాడ రాసినావు?"

రాయలేదు. సౌదీలో శుక్రవారం మధ్యాహ్నానికి ప్రణాళిక వేస్తూ జుమ్మాని మరిచిపోయిన మొదటి మానవుణ్ణి నేనే అయ్యుంటాను. మామ పెన్ను తీసుకుని ఆ గడి కొట్టేశాడు. "పన్నెండుకు నేను మసీదులో ఉంటా. బురుజు ఎన్ని వందల ఏండ్ల నుంచో ఆగుండాది, ఇంగో గంట ఆగుతాదిలే."

ఈసారి అభ్యంతరం పెద్దన్న నుంచి వచ్చింది. "తమ్మీ, గురువారం ఒకటిన్నర నుంచి మూడు దాక రాహుకాలం. నువ్వు సరిగ్గ ఒకటిన్నరకే పెట్టినవ్. పన్నెండింటికే ఎల్దాం."

నేను ఎదురుచూస్తున్నది సరిగ్గా ఆ మాట కోసమే. "రాహువుకు ఇక్కడ ఇకామా ఉందా పెద్దన్నా? ఆయన్ని ఇక్కడికి రప్పించిన కఫీల్ ఎవరు?" అన్నాను. గదంతా గొల్లుమంది. సౌదీలో ఉండనిచ్చే ఇకామా కార్డు లేనిదే గేటు దాటడానికి భయపడే మనుషుల మధ్య గ్రహాలకు కూడా ఆ కార్డు అడగడం చిన్న దెబ్బ కాదు.

పెద్దన్న మాత్రం తొణకలేదు. "ఇకామా లేకపోవచ్చు తమ్మీ. ఏ కంపెనీ లేని ఫ్రీ వీసా మీద వచ్చిండేమో. గసొంటోళ్లే ఎక్కువ తిరుగుతరు."

ఈసారి గది రెండింతలు నవ్వింది. నేను రెండో బాణం తీశాను. సౌదీకీ మనకూ రెండున్నర గంటల తేడా. సౌదీలో పన్నెండంటే ఇండియాలో రెండున్నర, అంటే నువ్వు పన్నెండింటికి బయల్దేరినా ఇండియా రాహుకాలంలోనే బయల్దేరుతున్నావు. ఒకటిన్నరకైతే సౌదీ రాహుకాలం. వీళ్లలో అసలు రాహువెవరు? పెద్దన్న వేళ్ల మీద లెక్కపెట్టాడు, మళ్లీ పెట్టాడు. చివరికి ఒక నిర్ణయానికి వచ్చాడు. "అయితే నాలుగు నిమ్మకాయలు పెడదాం. రెండు గీడోనికి, రెండు గాడోనికి."

గురువారం ఒకటిన్నరకు క్యాంపులో సగం మంది వ్యాను చుట్టూ చేరారు. పెద్దన్న మెస్సు నుంచి తెచ్చిన నాలుగు నిమ్మకాయలూ నాలుగు టైర్ల కింద పెట్టాడు. నేను వంగి ఒక్కొక్కటే తీసి నా సంచిలో వేసుకున్నాను. వేసుకుని, మెట్టెక్కి, చిన్న ఉపన్యాసం ఇచ్చాను. (అది లేకుండా నేను మెట్టు దిగిన సందర్భాలు తక్కువ.) "ఈ బండి దారిలో ఒక్క నిమిషం అనుకోకుండా ఆగినా, తిరిగొచ్చి నా చేత్తో నేనే టైరు కింద నిమ్మకాయ పెడతాను. ఇది నా మాట!" చప్పట్లు పడ్డాయి. పెద్దన్న ముఖం చిన్నబోయింది. కొత్తగా కుట్టించుకున్న బూడిదరంగు సఫారీ వేసుకున్నాడు పాపం. ఊరికి వేసుకెళ్లాల్సిన బట్టలు. ఫోటోల్లో బాగా పడాలని ముందే తొడిగాడు.

మొదటి రోజు రాహువు మా జోలికి రాలేదు. వచ్చిన చిక్కల్లా నా ప్రణాళికతోనే. మిజ్నబ్‌లో పాత మట్టి బజారు చేరేసరికి రెండున్నర. ఆ ఎండలో తలుపు తీసిన కొట్టు ఒక్కటి లేదు. అక్కడ ఊరు ఊరంతా మధ్యాహ్నం నిద్రపోయి అసర్ నమాజు తర్వాత లేస్తుందని సౌదీలో ఉన్న రెండేళ్లలో నేను గమనించనే లేదు. నా కాగితం ప్రకారం మేం అక్కడుండాల్సింది ముప్పై అయిదు నిమిషాలు, ఉన్నది రెండున్నర గంటలు. కానీ పెద్దన్న ఆ మూసిన బజారులోనే ఆనందంగా తిరిగాడు. గోడకు చెయ్యి ఆనించి, గోటితో గీకి చూసి, "మట్టిల గడ్డి కలిపిండ్రు తమ్మీ, మా నాయిన గోడ పెట్టినప్పుడు గిట్లనే తొక్కిచ్చిండు" అన్నాడు. ఖర్జూరపు దూలాలు లెక్కపెట్టాడు. వాన నీళ్లు జారడానికి మిద్దె అంచున పెట్టిన చెక్క గొట్టం చూసి, తన బిడ్డను చూసిన తండ్రిలా నవ్వాడు. "చూసినవా? అప్పుడు గూడ ప్లంబరున్నడు." సాయంత్రం రస్ ఊరి వైపు ఒక బురుజు చూసి, తోటల మధ్య అద్దెకిచ్చే విడిదిల్లు ఒకటి తీసుకుని పడుకున్నాం.

శుక్రవారం మా మూడో మజిలీ ఒక చిన్న పల్లె. కొత్త ఊరికి అర కిలోమీటరు అవతల, ఖర్జూరపు తోటలు దాటాక, కూలిపోయిన పాత మట్టి ఊరు, దాని బురుజు. మధ్యలో తెల్లటి చదును నేల. మేం చేరేసరికి బాంగు వినిపించింది. కడప మామ మసీదు పక్క నీడలో వ్యాను నిలిపి, పెద్దన్నకు ఉక్కపోయకుండా ఏసీ నడిచేలా తాళం బండికే వదిలి, నా వంక చూసి వేలు ఊపాడు. "అబ్బయా, నేనొచ్చేదాకా స్టీరింగు ముట్టుకోవాకు."

నమాజు అయింది. జనం బయటికొచ్చారు. మామ మాత్రం రాలేదు. ఎవరో ఇంటాయన, పరాయి ఊరివాడు గావా తాగకుండా ఎలా పోతాడని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాడు. మామ దూరం నుంచే పది నిమిషాలని వేళ్లు చూపించాడు. నేను ఫారం చూసుకున్నాను, ఆరు గడులు వెనకబడి ఉన్నాం. స్టోరులో పెట్టెలెత్తే బండి నడిపిన అనుభవం నాకుంది. లైసెన్సు లేదుగానీ అర కిలోమీటరు చదును నేలకు లైసెన్సెందుకన్నది నా తర్కం. స్టీరింగు ముందు కూర్చున్నాను.

"ఆగు తమ్మీ," అన్నాడు పెద్దన్న. "గా నేల జూడు. అంచుల పొంటి తుంగ మొలిచింది. తుంగ ఉన్న కాడ తడి ఉంటది."

"పైన ఎండి తెల్లగా పెళుసుబారి ఉంది పెద్దన్నా. తడికి రుజువేది?"

"తుంగనే రుజువు. నాకెందుకో మనసు కీడు శంకిస్తుంది."

ఆ చివరి ముక్క అనకుండా ఉంటే నేను ఆగేవాణ్ణేమో. కీడు, శంక అన్న మాటలు చెవిన పడగానే నాకు తుంగ కనిపించడం మానేసింది. బండి కదిలించాను. తోట దాటి తెల్లనేల అంచుకు చేరేసరికి, మసీదు నుంచి ఇంటికి నడిచి వెళ్తున్న ఒక ముసలాయన చేతికర్ర అడ్డంపెట్టి మమ్మల్ని ఆపాడు. ఎనభై ఏళ్లుంటాయి. కర్రతో మా ముందుకు చూపించి, "యా వలద్! ఐన్! గుద్దామ్ ఐన్!" అన్నాడు.

ఓరి బాబూ, అబ్బాయ్, ముందు ఐన్ ఉందిరా అంటున్నాడు. ఇక్కడికీ వచ్చిందా ఈ దిష్టి! వెనక సీటులో పెద్దన్న, ముందు ముసలాయన. రెండు దేశాల మూఢత్వం నన్ను రెండు వైపులా చుట్టుముట్టిందని నాకు అర్థమైంది. అద్దం దించాను.

"మాఫీ ఐన్!" అన్నాను మర్యాదగానే.

ముసలాయన ఆశ్చర్యపోయాడు. "మాఫీ ఐన్?" కర్ర నేలకేసి కొట్టాడు. "ఐన్! సయ్యారా లా! లా!" కారు వద్దు, వద్దు అని.

"బాబా, మాఫీ ఐన్. కుల్లు కలాం ఫాదీ. ఆనా నఫర్ ఇల్మ్!" దిష్టి గిష్టి లేదు, అంతా వట్టిమాటలు, నేను విజ్ఞానశాస్త్రపు మనిషిని అని నా అభిప్రాయం. నాకు వచ్చిన అరబ్బీలో అంతకంటే ఉత్తమ ఉపన్యాసం సాధ్యం కాదు. ముసలాయన నన్ను, నా వెనకున్న పెద్దన్నను, ఆకాశాన్ని వరసగా చూసి, కర్ర పక్కకు తీశాడు. ఆయన ఓడిపోయాడనుకుని గేరు వేశాను.

ఇరవై గజాలు హాయిగా పోయింది. ఇరవై ఒకటో గజంలో తెల్లపొర అప్పడంలా పటపటమని విరిగింది. ముందు చక్రాలు మెత్తగా, ఎంతో మర్యాదగా, లోపలికి దిగాయి. నేను భయంతో ఇంకా గట్టిగా తొక్కాను. వెనక చక్రాలూ దిగాయి. నల్లటి బురద, దాని మీద నింపాదిగా ఊరుతున్న నీళ్లు. చర్చావేదికల గ్రాంథికమంతా నా నోట్లోంచి ఎగిరిపోయింది. "వామ్మో పెద్దన్నా, దిగవడ్డదే!" అని మా అమ్మ గొంతుతో అరిచాను.

ముసలాయన అంచుకు వచ్చి నిలబడి, కర్రతో మా టైరు పక్క నీళ్లను చూపించాడు. కోపం లేదు, వెక్కిరింపు లేదు. చిన్నపిల్లవాడికి అక్షరం చూపించినట్టు చెప్పాడు. "హాదా ఐన్."

అప్పుడే తోటలోంచి పరుగెత్తుకొచ్చిన కడప మామ తల పట్టుకున్నాడు. ముసలాయన ఆయనతో చాలాసేపు మాట్లాడాడు. మామ మధ్యమధ్య నన్ను చూసి నవ్వాపుకోలేక దగ్గాడు. "రే సామీ! ఐన్ అంటే కన్నూ ఐనే, దిష్టీ ఐనే, నీళ్ల ఊటా ఐనే! ఇది వీళ్ల తాతలనాటి ఊటంట. ఈయన చిన్నప్పుడు ఈడే ఈత నేర్చుకున్యాడంట. 'మా ఊట లేదని ఈ పిల్లోడు నాతో వాదిస్తాండాడు, మతి బాగుండాదా?' అని అడగతాండాడు. ఏం జెప్పమంటావు?"

నేను వాచీ చూశాను. ఒంటిగంటా పది. అయిదింటికి రియాద్ కారు. క్యాంపుకు గంటంబావు దారి. ఆ క్షణంలో నాకు రాహువూ గుర్తు రాలేదు, శాస్త్రమూ గుర్తు రాలేదు. "తాతా, ఎప్పుడొస్తవ్?" అన్న గొంతొక్కటే చెవిలో వినిపించింది. పెద్దన్న వైపు చూడలేక తల దించుకున్నాను. తిడతాడనుకున్నాను. ఆయన కొత్త సఫారీ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి బురదలోకి దిగాడు.

"ఏడ్వకు తమ్మీ. నిమ్మకాయలు దియ్యి, ఇప్పుడు పెట్టమంటవా టైర్ల కింద?" అని నవ్వి, వెంటనే పనిలో పడ్డాడు. ఇరవై రెండేళ్లు నీళ్లను అటూ ఇటూ మళ్లించిన మనిషి. ముందు చేతులతో చిన్న కాలువ తీసి ఊట నీళ్లను పక్కకు పంపాడు. ముసలాయన ఎండు ఖర్జూరపు మట్టలు చూపిస్తే నేనూ మామా మోసుకొచ్చాం. పెద్దన్న వాటిని చక్రాల కింద దోపాడు. ముసలాయన కొడుకు పికప్ తెచ్చి తాడు కట్టాడు. తాడు ఒకసారి తెగింది, రెండోసారి ముడి ఊడింది. మూడోసారి పెద్దన్నే ముడి వేశాడు. మూడుంబావుకు వ్యాను పెద్ద చప్పుడుతో బయటపడింది. అప్పటికి పెద్దన్న సఫారీ రంగు ఏమిటో చెప్పడానికి ప్రత్యక్ష సాక్షులు అవసరమయ్యారు. అందరికీ నాలుక పిడచగట్టుకుపోయింది. ముసలాయన ఇంటి నుంచి కూజాతో చల్లటి నీళ్లూ చక్కెరా తెప్పించాడు. నా సంచిలోని నాలుగు నిమ్మకాయలూ అందులో పిండాం. గీడోనివి, గాడోనివి కలిపి తాగేశాం. నా జీవితంలో నిమ్మకాయ మహిమను నేను ఒప్పుకున్నది ఆ ఒక్కసారే.

క్యాంపు గేటు చేరేసరికి అయిదుకు పది నిమిషాలు. రియాద్ కారు నిలబడి ఉంది. జనం నిలబడి ఉన్నారు. స్నానానికి వేళ లేదు, పెద్దన్న పెట్టెలు అప్పటికే తాళ్లు బిగించుకుని కారు మీద ఉన్నాయి. మొహం, కాళ్లు, చేతులు కడిగి, నా పెట్టెలోంచి ఒక చొక్కా, నా ఉపన్యాసాల ప్యాంటు తీసి తొడిగాం. (నల్లది, ఇస్త్రీ నలగనిది, వేదికలకు మాత్రమే వాడేది.) పెద్దన్న నా భుజం దాకా వస్తాడు. కింద నాలుగు మడతలు వేయాల్సొచ్చింది. ఆ ప్యాంటుతో ఆయన కారెక్కుతుంటే జనంలోంచి ఎవరో అన్నారు.

"రుజువు సారూ, మాటిచ్చినవ్ గద. నిమ్మకాయేది?"

నిమ్మకాయలు మా కడుపుల్లో ఉన్నాయి. నేను మెస్సుకు పరుగెత్తాను. ఇన్నేళ్లూ నేను రాసిన ఏ వ్యాసంలోనూ చెప్పని సంగతి ఇది. నిప్పుల మీద నడిచిన నేను, శ్మశానంలో పడుకున్న నేను, వంటవాణ్ణి బతిమాలి ఒక్క నిమ్మకాయ తెచ్చి, అందరూ చూస్తుండగా, వంగి ముందు టైరు కింద పెట్టాను. పెద్దన్న అద్దంలోంచి తల బయటపెట్టాడు. "నీకు నమ్మకం లేదు గద తమ్మీ, మల్లెందుకు పెట్టినవ్?"

"మాటిచ్చిన గద పెద్దన్నా."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. కారు నిమ్మకాయను తొక్కుకుంటూ వెళ్లింది. దాని వల్లే ఆ కారు క్షేమంగా రియాద్ చేరిందని నేను ఇప్పటికీ ఒప్పుకోను. డ్రైవరు వల్ల చేరింది. పెద్దన్న విమానం ఎక్కాడు.

ఇప్పుడు నేను సౌదీలోనే ఖోబర్‌లో ఉంటున్నాను. సెలవు దొరికితే పిల్లల్ని పాత ఊళ్లకు తీసుకెళ్తాను. ఫారం రాయను. తుంగ కనిపిస్తే దిగి నడుస్తాను. దిష్టి లేదని రాసి ఇప్పటికీ తిట్లు తింటూనే ఉన్నాను. కాకపోతే ఎవరైనా కర్ర అడ్డంపెట్టి ఏదైనా చెప్పబోతే, వాళ్లు అంటున్నది ఏ ఐనో ముందు అడిగి తెలుసుకుంటున్నాను. పెద్దన్న ఏటా ఒకసారి ఫోన్ చేస్తాడు. నా ప్యాంటు మోకాళ్ల దాకా కోసి పొలానికి నీళ్లు కట్టేటప్పుడు వేసుకుంటాడట. "చినుగుతలేదు తమ్మీ, గట్టి బట్ట. ఇంకా తడిలనే ఉంది."

మొన్న నేనే చేస్తే ఫోను ఆయన ఎత్తలేదు. ఒక ఆడపిల్ల ఎత్తింది. ఇంటరు చదువుతోందట. నేను ఎవరినో చెప్పబోతుంటే ఆ గొంతు ఒక్కసారిగా ఉత్సాహంతో లేచింది. ఆ పిల్ల చిన్నప్పుడు రోజూ తాతను అడిగి చెప్పించుకున్న కథ ఒకటే అట. అరబ్బు దేశంలో తాత చూసిన వింత.

"ఊట మధ్యల నిలవడి ఊట లేదన్న సారు మీరేనా?"

ఎదురుగా గోడ అద్దంలో నా సగం నెరిసిన తల కనిపించింది. రుజువు అడగాలని నోటిదాకా వచ్చింది.

"అవునమ్మా," అన్నాను. "నేనే."